వ్రతం చెడ్డా ఫలం దక్కుతుందా?

గుంటూరు కొత్తపేటలో, ఆసుపత్రుల మధ్య, ఒక మందుల షాపు. ఓనరుకి యాభై దాటాయి. ఆయన బావమరిది బ్రాడీపేటలో జిమ్ నడుపుతున్నాడు. డిసెంబరు ఆఖరి వారంలో షట్టరు సగం దించి ఇద్దరూ కౌంటరుకి చెరోపక్క కూర్చున్నారంటే, మాట ఎక్కడ మొదలైనా జనవరి ఒకటి దగ్గరికే చేరుతుంది. ఒకరికి ఆ తారీఖు పంట ఇంటికొచ్చే రోజు. ఇంకొకరికి ఏటా జరిగే తంతు. బావా బామ్మర్దుల సరసాల్లో అచ్చుకి పనికిరానివి తీసేసి మిగతాది కింద ఇస్తున్నాను.

బామ్మర్ది: బ్యానరు చూశారా బావా? పన్నెండు నెలలకి కడితే మూడు నెలలు ఫ్రీ అని పెట్టా.

బావ: చూశాను. ఆ మూడు నెలలు వాడుకునేవాడు ఎవడ్రా? శివరాత్రి వచ్చేసరికి నీ జిమ్ములో మిగిలేది నువ్వూ, నీ అద్దాలూ.

బామ్మర్ది: మీరెప్పుడూ పోయినవాళ్ళనే లెక్కపెడతారు. ఉన్నవాళ్ళు మీ కంటికి ఆనరు.

బావ: లెక్క నాది కాదు. మావాడు డాలస్ నుంచి పంపాడు. అమెరికాలో డెల్లావిన్యా, మాల్మెండియర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు జిమ్ముల రికార్డులు తిరగేసి 2006లో ఒక పేపరు వేశారు. నెలకి 70 డాలర్ల పైన కట్టేవాళ్ళు నెలలో వెళ్ళింది సగటున నాలుగుసార్ల చిల్లర. అంటే వెళ్ళిన ఒక్కోసారికి 17 డాలర్లు పడింది. వెళ్ళినరోజుకే కడతామని పాసు తీసుకుని ఉంటే పదితో పోయేది. అంత చదువుకున్న ఊళ్ళో వాళ్ళే రేపటి నన్ను నమ్మి ఇవాళ డబ్బు కట్టేశారు. ఇక మన బ్రాడీపేట ఎంత?

బామ్మర్ది: రేపటి తనని నమ్మడం కూడా తప్పేనా? నేనూ ఎం.పి.ఎడ్. చదివే ఈ పనిలోకి దిగాను బావా, నాకూ రెండు పేపర్లు తెలుసు. 2014లో హెంగ్చెన్ డాయ్, కేటీ మిల్క్‌మన్, జేసన్ రీస్ అనే ముగ్గురు ఒక యూనివర్సిటీ జిమ్ము హాజరు చూశారు. వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో, పుట్టినరోజు దాటాక జనం ఎక్కువగా వస్తారని తేలింది. తారీఖు మారితే పాత లెక్క కొట్టేసినట్టుంటుంది. పోయిన ఏడు బద్ధకంగా ఉన్నవాడు వేరే ఎవరో, నేను వేరే అనుకుంటాడు మనిషి. ఆ ఊపులోనే కదా గడప తొక్కేది?

బావ: గడప తొక్కడం దగ్గర మనకెప్పుడూ లోటు లేదు. ఆంధ్రులకి ఆరంభశూరులని బిరుదు ఊరికే ఇచ్చారా?

బామ్మర్ది: ఆరంభించనివాడికి ఆ బిరుదు కూడా లేదుగా! నార్‌క్రాస్ అనే సైకాలజిస్టు 2002లో ఇదే పోల్చి చూశాడు. మారాలని ఇద్దరికీ ఉంది. ఒకడు జనవరి ఒకటికి తీర్మానం చేసుకున్నాడు, ఇంకొకడు ‘చూద్దాంలే’ అన్నాడు. ఆరు నెలలకి తీర్మానం చేసినవాళ్ళలో 46 శాతం మంది నిలబడ్డారు. చూద్దాంలే అన్నవాళ్ళలో 4 శాతం. మీరు ఎగతాళి చేసే తారీఖు బలం అది.

బావ: నిలబడ్డామని చెప్పింది ఎవరు? వాళ్ళేగా, ఫోనులో. నా దగ్గర కూడా ప్రతివాడూ తీపి మానేశాననే చెబుతాడు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కాగితం మాత్రం వేరే మాట చెబుతుంది.

(ఈ దెబ్బ బామ్మర్దికి తగిలింది. కాసేపు ఫోను చూసుకున్నాడు. నాకైతే 46 శాతంలో సగం అబద్ధమనుకున్నా, నాలుగుతో పోలిస్తే అది ఎక్కువే అనిపించింది. కానీ వాళ్ళ మధ్య నేను నోరు తెరవలేదు.)

బామ్మర్ది: సరే, పేపర్లు వద్దు. మీ షాపులో కుర్రాడి సంగతి చెప్పండి. రోజుకి పెట్టె సిగరెట్లు ఊదేవాడు. కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాడు. 41 రోజులు. పొగ లేదు, మందు లేదు, నీచు లేదు. తెల్లారగట్ల చన్నీళ్ళ స్నానం, మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, చాప మీద పడక, కాళ్ళకి చెప్పుల్లేవు. నేను జిమ్ములో చెప్పే దానికి పదింతలు కఠినం. చేశాడా లేదా?

బావ: చేశాడు. శబరిమల నుంచి వచ్చి మాల తీశాడు. ఆ సాయంత్రమే ఎదురు బడ్డీకొట్టు దగ్గర నిలబడ్డాడు. కౌంటర్లోంచి చూస్తూనే ఉన్నాను. నోట్లో సిగరెట్టు పెట్టుకుని, లైటరు ఎక్కడుందో గుర్తురాక జేబులన్నీ తడుముకుంటున్నాడు. 41 రోజుల్లో చెయ్యి దాని దారి మర్చిపోయింది గానీ నోరు మర్చిపోలేదు.

బామ్మర్ది: 41 రోజులు ఆగినవాడు 42వ రోజు ఆగలేడా అని నా బాధ.

బావ: అక్కడే నీ లెక్క తప్పుతోంది. ఆగింది అతనొక్కడే అనుకుంటున్నావు. నల్లబట్టలు కట్టిన క్షణం నుంచి ఊరు ఊరంతా అతనికి కాపలా కాసింది. షాపుకొచ్చే ప్రతివాడూ ‘స్వామీ, ఒక డోలో ఇవ్వండి’ అన్నాడు. తనకంటే ముప్పై ఏళ్ళు పెద్దవాడు కూడా స్వామీ అన్నాడు. వాళ్ళమ్మ మడిగా విడిగా వండింది. బారులో కూర్చునే నేస్తులు నెలన్నర పిలవలేదు, పిలిస్తే వాళ్ళకే పాపం. సాయంత్రం భజన దగ్గర కనపడకపోతే గురుస్వామి కబురు పెట్టాడు. మాల తీసిన గంటకి ఆ కాపలా మొత్తం ఎత్తేశారు. మళ్ళీ ‘ఒరేయ్’ అయిపోయాడు. ఇప్పుడు చెప్పు, జనవరి ఒకటిన నీ దగ్గరికొచ్చేవాడికి ఏం కాపలా ఉంది?

బామ్మర్ది: ట్రైనరు ఉన్నాడు. వాట్సాప్ గ్రూపుంది. టీ-షర్టు ఇస్తున్నాం.

బావ: ఆ టీ-షర్టు వేసుకుని ఎదురు హోటల్లో బజ్జీలు తింటుంటే ఎవడైనా ‘స్వామీ, మీరా?’ అంటాడా?

బామ్మర్ది: (నవ్వి) అనడు. బజ్జీ ప్లేటు ఇటు జరపమంటాడు.

బావ: అదీ సంగతి.

బామ్మర్ది: కానీ ఆ దీక్షలో ఇంకో సంగతి కూడా ఉంది బావా, దాన్ని మీరు దాటేస్తున్నారు. అక్కడ సందు లేదు. ‘ఇవాళొక్క రోజు’ అనే మాట చెల్లదు. అందుకే నిలబడుతుంది. నేనూ జిమ్ములో అదే చెబుతాను. గోడకి చార్టు పెట్టాను, వచ్చినరోజు టిక్కు. ఒక్కరోజు కూడా గడి ఖాళీగా ఉండకూడదు. ఒకసారి వదిలితే జారుడే.

బావ: మనవాళ్ళ కొంప ముంచుతున్నది సరిగ్గా అదే! జనవరి ఒకటిన ఒట్టు వేస్తాడా? పధ్నాలుగు రోజులు తిరక్కుండా సంక్రాంతి. అత్తారింట్లో కంచం ముందు కూర్చోబెట్టి అత్తగారు నేతి అరిసె వేస్తుంది. వద్దంటే ‘ఒక్కటే బాబూ’ అంటుంది. ఆ ఒక్కటీ తింటాడు. తిన్నాక వీడి బుర్రలో ఏమవుతుంది? వ్రతభంగం అయిపోయింది. అయిపోయాక ఇక రెండో అరిసెకి అడ్డేముంది? కనుమనాడు మినుము తినాలి కాబట్టి గారెలు, గారెల్లోకి కోడికూర. పండగ వెళ్ళాక జిమ్ముకి రావడానికి మొహం చెల్లదు. ‘ఉగాది నుంచి చూద్దాం’ అంటాడు. తెలుగు సంవత్సరాది ఒకటి చేతిలో ఉండటం మనవాళ్ళకి మహా వీలు. అరిసె వీణ్ణి చెడగొట్టలేదురా. ఒక అరిసెతో అంతా పోయిందన్న లెక్క చెడగొట్టింది.

బామ్మర్ది: అయితే ఏమంటారు, ఒట్టు తప్పమంటారా?

బావ: వ్రతం చెడ్డా ఫలం దక్కాలని సామెత. అత్యాశపరుణ్ణి వెక్కిరించడానికి అంటారు. ఒంటి విషయంలో మాత్రం అది అక్షరాలా నిజం. నెల మందులు వాడేవాళ్ళు ఫోను చేస్తారు, నిన్న రాత్రి బిళ్ళ మర్చిపోయాను, ఏం చెయ్యమంటారని. ఏం చెబుతాను? డాక్టరు వేరేలా చెప్పకపోతే మామూలు వేళకి మామూలు బిళ్ళ వేసుకోండి, నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిపి రెండు మింగొద్దు అంటాను. బిళ్ళ మర్చిపోయిన ఏ పెద్దమనిషీ ‘నా చికిత్స భంగమైంది, ఇక ఉగాదికి మొదలెడతా’ అనడు. నడక దగ్గరికొచ్చేసరికే ఎందుకొస్తుందో ఆ పౌరుషం. అంతేనా, మూడు రోజులు మానినవాడు నాలుగోరోజు బాకీ తీర్చాలని రెండింతలు బరువులెత్తుతాడు. ఆ సాయంత్రం నడుం పట్టుకుని నొప్పుల స్ప్రేకి నా దగ్గరికొస్తాడు. ఫిబ్రవరిలో నాకు నీవల్ల ఆ బేరం బాగానే ఉంటుంది.

బామ్మర్ది: మీరు లండన్ పేపరు గురించి చెప్పబోతున్నారని నాకు తెలుసు.

బావ: చెప్పనీ మరి. ఫిలిపా లాలీ, 2010. అలవాటు పడటానికి సగటున 66 రోజులు. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు పెద్దగా చెడదని రాశారు.

బామ్మర్ది: అది నేనూ చదివాను. 96 మంది మీద చేశారు, 84 రోజులే చూశారు. 18 నుంచి 254 రోజులని రాశారే, ఆ 254 లెక్కగట్టి వేసింది, అన్నాళ్ళు ఎవరి వెంటా తిరగలేదు. మంచినీళ్ళు తాగడంలాంటివి తొందరగా పట్టుబడ్డాయి, ఒళ్ళు వంచే పనులకి ఎక్కువ రోజులు పట్టింది. పైగా ఒకరోజు తప్పితే అన్నారు, వారం తప్పితే అనలేదు. బావా, మీరు కౌంటరు వెనక కూర్చుని ‘ఒకరోజు తప్పితే ఏం కాదు’ అంటే వినేవాడి చెవికి ‘తప్పితే ఏం కాదు’ అన్నదే చేరుతుంది. ‘ఒకరోజు’ దారిలోనే రాలిపోతుంది. నా అనుభవంలో మానేసినవాళ్ళలో అరిసె తిని సిగ్గుపడి మానేసినవాళ్ళ కంటే, ఏం కాదులే అని మానేసినవాళ్ళే ఎక్కువ.

బావ: నీ చార్టు గడి ఖాళీ చూసి రావడం మానేసినవాడు వచ్చి నీతో చెబుతాడా, నేను సిగ్గుపడి మానేశానని?

(దీనికి ఇద్దరి దగ్గరా జవాబు లేదు. మానేసినవాడు ఎందుకు మానేశాడో జిమ్ముకీ తెలియదు, మందుల షాపుకీ తెలియదు. అతను రెండుచోట్లా తల తిప్పుకునే నడుస్తాడు.)

బామ్మర్ది: పోనీ ఎంత చెయ్యమంటారు మీరు? పదివేల అడుగులన్నా ఒప్పుకుంటారా?

బావ: ఆ పదివేలు ఏ డాక్టరు రాసిన చీటీ కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాను కంపెనీ ఒకటి అడుగులు లెక్కపెట్టే మీటరు అమ్ముకోవడానికి పెట్టిన పేరు. 2019లో ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ళున్న ఆడవాళ్ళని చూసి చెప్పిందేమంటే, రోజుకి 4,400 అడుగులు వేసేవాళ్ళలోనే చావులు బాగా తగ్గాయి, 7,500 దాటాక పెద్ద తేడా లేదని. నీ వాచీ పదివేలు దాటితే టపాసులు కాలుస్తుంది. మా షాపుకొచ్చే పెద్దావిడ దాన్ని చూసి భయపడి అసలు నడకే మానేసింది.

బామ్మర్ది: నేను అడుగులు అమ్మను, బరువులు అమ్ముతాను. డబ్ల్యూహెచ్‌వో 2020లో చెప్పింది మీరు సగమే చెబుతారు. వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండరాలకి పని పెట్టాలన్నారు. అది నా వాటా.

బావ: ఆ రెండు రోజులు నీకే వదిలేశా. నేను చెప్పాలనుకున్నది చెన్నై సంగతి. రామచంద్రన్ గారని షుగర్ డాక్టరు, పెద్దాయన. షుగర్ వచ్చే గీత మీద ఉన్న 531 మందిని తీసుకుని మూడేళ్ళు చూశారు, 2006లో ఫలితాలు వేశారు. మామూలుగా వదిలేసినవాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చేసింది. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో 39 శాతం. ఏమీ మార్చుకోకుండా మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళలో 40. అమ్ముకునేవాణ్ణి నేనే చెబుతున్నా, ఆ గీత మీద ఉన్నవాడికి నడక నా బిళ్ళకి ఏమీ తీసిపోలేదు.

బామ్మర్ది: ఆ మాట మీ బోర్డు మీద రాయించండి, నా బ్యానరు డబ్బులు మిగులుతాయి.

బావ: ఆగు. అందులో నాకు నచ్చింది ఇంకోటి ఉంది. వాళ్ళకి బరువు పెద్దగా తగ్గలేదు. అయినా షుగర్ ఆగింది. మనవాడు రెండు వారాలు నడిచి, నా షాపు ముందున్న మిషను ఎక్కి, ముల్లు కదల్లేదని దిగి వెళ్ళిపోతాడే, వాడికి ఈ ముక్క ఎవరూ చెప్పరు. ఇంకోటి. వాళ్ళని ఇంటికి పంపి ఊరుకోలేదు. నెలనెలా ఫోను చేసి అడిగారు, నడుస్తున్నారా, ఏం తింటున్నారని. తర్వాత 2013లో ఆయన బృందమే ఫోనుకి మెసేజీలు పంపి చూసింది. ఉద్యోగాలు చేసుకునే 537 మంది మగవాళ్ళు. రెండేళ్ళలో మెసేజీలు అందుకున్నవాళ్ళలో 18 శాతం మందికి షుగర్ వచ్చింది. అందుకోనివాళ్ళలో 27. ఒట్టి మెసేజీరా! మాల కాదు, నల్లబట్టలు కాదు. ఎవరో ఒకరు అడుగుతారన్న భయం, భక్తి అనుకో, అంతే.

బామ్మర్ది: దేశంలో పది కోట్ల మందికి షుగర్ ఉందని ఐసీఎంఆర్ వాళ్ళ సర్వే 2023లో చెప్పింది. గీత మీద ఉన్నవాళ్ళు పదమూడు కోట్ల పైన. ఇంతమందికి ఎవరు ఫోను చేస్తారు?

బావ: అంతమందికి వద్దు. నీ రిజిస్టరులో ఉన్నవాళ్ళకి చెయ్యి. ఫిబ్రవరిలో వారం రోజులు కనపడనివాడికి ఫోను కొట్టు. ‘ఏవండీ, రావట్లేదేం? ఏం పర్లేదు, రేపు పావుగంట వచ్చి పొండి’ అను. చార్టు పీకెయ్.

బామ్మర్ది కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్న మాట ఈ వాదంలో అన్నిటికంటే నిజాయితీ గల మాటని నా ఉద్దేశం.

బామ్మర్ది: అందరూ వస్తే నిలబెట్టడానికి చోటు లేదు బావా. ఉన్నవి నాలుగు ట్రెడ్‌మిల్లులు. జనవరి మొదటివారం సాయంత్రం ఆరింటికి ఒక్కోదానికి క్యూ. బెంచీ కోసం ఇద్దరు పెద్దమనుషులు పోట్లాడుకున్నారు. రానివాళ్ళు కట్టిన డబ్బుతోనే వచ్చేవాళ్ళకి ఫీజు అందుబాటులో ఉంది. రానివాణ్ణి బతిమాలి పిలిపించుకుంటే బిల్డింగు అద్దె ఎవరు కడతారు?

బావ: మరి అరగంట నుంచీ సందు ఇవ్వకూడదు, దీక్ష, కఠినం అంటున్నావు!

బామ్మర్ది: నమ్మే అంటున్నా. వచ్చినవాడు నిలబడాలనే నా కోరిక. అందరూ ఒకేసారి నిలబడకూడదని మాత్రం దేవుడికి దణ్ణం పెట్టుకుంటా. మీకు లేదా అలాంటిది? ఊళ్ళో అందరికీ షుగర్ తగ్గిపోతే ఈ షట్టరు మొత్తం దించెయ్యాలిగా?

బావ: జలుబులుంటాయిలే. అది సరే, ఇంత చెబుతున్నాను గానీ మా ఇంట్లో నీ ఫోను ముందు రావాల్సింది మీ అక్కకి.

బామ్మర్ది: అక్కకేం? బీపీ బిళ్ళ వేసుకుంటోందిగా?

బావ: వేసుకుంటుంది. ఏటా తీర్మానం నాది, చాకిరీ తనది. మా వంటింట్లో పై అలమరా చూశావా? నాలుగేళ్ళ నా జనవరిలన్నీ అక్కడున్నాయి. పురుగుపట్టిన కొర్రలు, సగం ఓట్స్, మూత తియ్యని అవిసె గింజలు, గడ్డకట్టిన గ్రీన్ టీ. ఒక ఏడు కొబ్బరినూనె డైట్ అన్నాను, ఒక ఏడు ఉప్పు లేని కూర అన్నాను. ప్రతిసారీ నాకు విడిగా వండి, అమ్మకి మెత్తటన్నం, పిల్లకి దోశె వేరే వేసింది. నేను స్టేడియంలో నడిచొచ్చి చెమట తుడుచుకుంటూ కాఫీ అడుగుతాను. ఆవిడ ఆ వేళకి నడవాలంటే ఆ కాఫీ ఎవరు పెట్టాలి?

బామ్మర్ది: లేడీస్ బ్యాచి పెట్టాను, పదకొండింటికి. రమ్మనండి.

బావ: పదకొండింటికి కుక్కరు పొయ్యి మీద ఉంటుందిరా.

బామ్మర్ది: మూడింటికి పెడతా. ఆ వేళ జిమ్ము ఖాళీయే, చోటు ఇబ్బంది కూడా లేదు. అక్కలాంటివాళ్ళు పదిమంది కలిస్తే ట్రైనరు అమ్మాయికి జీతం వెళ్ళిపోతుంది. ఫోన్లు కూడా ఆ అమ్మాయే చేస్తుంది. జనవరి ఒకటి నుంచి.

బావ: ఒకటినెందుకు? పండగ పిండివంటలన్నీ ఆవిడ నెత్తినే. కనుమ దాటాక మొదలెట్టు.

బామ్మర్ది: అదిగో! మీరూ తారీఖు పెట్టారు.

బావ: పెట్టాన్లే. ముందు ఫీజెంతో చెప్పు. ఏడాదికి ఒకేసారి కట్టమంటే మాత్రం కట్టను. నెలనెలా ఇస్తా, వచ్చిన నెలకే.